ఏసుదాసు, అలిగిన పడవ మోటరు

ఏసుదాసు లెక్కలో లోకంలో ఏ మిషనూ చెడిపోదు. అలుగుతుంది. అంతే.

నాగావ్‌లో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వస్తారు, పానా తీస్తారు, పని చేసి పోతారు. ఏసుదాసు అట్లా కాదు. ముందు సాంచె ఎదురుగా గొంతుక్కూర్చుంటాడు. తర్వాత యజమానిని విచారిస్తాడు. జవాబు వచ్చేదాకా పానా ముట్టడు.

“సాంచె చెడిపోయింది దాసూ, జెల్ది సూడు,” అన్నాడు ఒకసారి కనకయ్య సేటు.

“చెడిపోలే సేటూ, అలిగింది. నిన్న దీని ముంగట ఎవలనన్న తిట్టినవా?”

“మా బామ్మర్దిని తిట్టిన. అయితేంది?”

“గదే మరి. తననే అన్నవనుకున్నది.”

బామ్మర్దిని ఎందుకు తిట్టాడు, దానికి సేటు భార్య ఏమన్నది, ఆ పూట ఎవరెవరు అన్నం మానేశారు, అంతా రాబట్టాకే పానా సంచిలోంచి బయటికొచ్చింది. సాంచె నడిచేసరికి బామ్మర్ది కూడా ఇంటికొచ్చేశాడు.

ఇదంతా చూసీ చూసీ రిబ్కాకు విసుగు పుట్టింది. “లోకంల మిషన్లన్నిటి అలక తీరుస్తవు. కట్టుకున్నదాన్ని, నేనలిగితె ఒక్కనాడన్న అడిగినవా?”

“నీకు స్క్రూలు లేవు గదనే,” అన్నాడు ఏసుదాసు. ఆ రోజు ఆయనకు చారు మాత్రమే దొరికింది.

డెబ్బైల మొదట్లో ఒక వానాకాలం నాగావ్ బస్తీతో సహా భివండీ అంతటినీ ముంచి పెట్టింది. ఒంటిగది ఖోలీల గోడలు చెమ్మెక్కాయి. ఉతికిన బట్టలు ఆరక ముక్కిన వాసన పట్టాయి. కరెంటు పోయినప్పుడల్లా సాంచెలన్నీ ఒక్కసారే ఆగి, బస్తీ మొత్తం చావు జరిగిన ఇల్లులా ఉండేది. అట్లాంటి ఒక సాయంత్రం నర్సింగం భుజాన పడవ మోటరు పెట్టుకుని, తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు.

నర్సింగంది గోదావరి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. ఇక్కడ ఖాడీలో, అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పు పాయలో, జనాన్ని పడవలో అవతలి ఒడ్డుకు చేర్చేవాడు. భార్య బుచ్చమ్మ వానలకు ముందే కామెర్లతో పోయింది. పిల్లల్లేరు. అప్పటినుంచి మనిషి మాట తగ్గి, తిండి తగ్గి, పడవ కట్టే గుంజలా తయారయ్యాడు.

“రేసు ఇస్తె ఉరుకుతది అన్నా. స్లో చెయ్యంగనే బందైతది. ఒడ్డుకు ఎట్ల తెచ్చుడు?”

ఏసుదాసు మోటరు ముందు గొంతుక్కూర్చున్నాడు. “అలిగింది తమ్మీ. ఆఖరుకు యాడ బందైంది?”

“నడి ఖాడీల. పొద్దూకంగ. స్లో చేసి బీడీ ముట్టిచ్చుకుంటున్న. పడవల ఎవ్వలు లేరు.”

“బందైతె నువ్వేం జేసినవ్?”

“కూసున్న.”

“తెడ్డు లేదా?”

“ఉన్నది.”

“మరి?”

నర్సింగం బయట వాన వైపు చూశాడు. “ఊకె కూసున్న. నీల్లు యాడికి తీస్కపోతె ఆడికి పోనీ అనుకున్న. చాపలోల్లు సూసి తాడేసి గుంజిన్రు.”

ఏసుదాసు ఇంకో ప్రశ్న అడక్కుండానే సంచిలోంచి పానా తీశాడు. అట్లా జరగడం అదే మొదటిసారి. “బాగ అలిగింది తమ్మీ,” అన్నాడు. “టైం పడ్తది. నువ్వు రోజు పొద్దూకంగ రావాలె. నీ చెయ్యి పడకుంటె ఇది మాట ఇనదు.”

మోటరును రిబ్కా నీళ్ల డ్రమ్ము అంచుకు బిగించాడు. నీళ్లలో మునిగి ఉండకపోతే వేడెక్కి కాలిపోతుందట. ప్లగ్గు విప్పితే మసి. కార్బురేటరు విప్పితే పాత పెట్రోలు జిగురులా పట్టి, మోటరు నెమ్మదిగా నడిచేటప్పుడు పెట్రోలు వచ్చే సన్న బెజ్జం పూడుకుపోయి ఉంది. కరెంటు తీగలోంచి ఒక్క రాగి పోగు లాగి, ఏసుదాసు ఆ బెజ్జంలోని జిగురును చెవి గులిమి తీసినట్టు తీశాడు.

మర్నాటినుంచి నర్సింగం రావడం మొదలైంది. ఏసుదాసు రోజుకో సాకు చెప్పేవాడు. ఒకనాడు గాలి తప్పు. ఒకనాడు వాచరు అరిగింది. ఇంకోనాడు మోటరుకు మనసు బాగాలేదు. మధ్యలో రిబ్కా కంచం పెట్టక తప్పేది కాదు.

“ఆకలి లేదన్నా.”

“మోటరు ముంగట ఉపాసముండద్దు తమ్మీ. అది సూసి ఇంక అలుగుతది.”

మొదట రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత సగం కంచం. ఒకరోజు, “బుచ్చమ్మ గూడ చారుల గింతే కారమేసేది వదినె,” అన్నాడు. ఆమె పేరు అతని నోట వినడం రిబ్కాకు అదే తొలిసారి.

జాలి ఉంటే ఉంది గానీ, డ్రమ్ములో నూనె తేలుతుంటే ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఒక మధ్యాహ్నం బట్టలుతికే కోపంలో మోటరు తాడు పట్టి ఒక్క గుంజు గుంజింది. మోటరు నడిచింది. ఆమె స్లో చేసి చూసింది. ఆగలేదు. పిల్లి గురక పెట్టినట్టు హాయిగా గుడగుడలాడింది.

ఏసుదాసు సందులోంచి ఉరికొచ్చాడు. “బంద్ చెయ్యవే!”

“ఎన్నడు బాగైంది ఇది?”

“… తొలినాడే.”

“మరి గిన్ని దినాలు వాన్ని ఎందుకు తిప్పుతున్నవయ్యా?”

“తీస్కపోతె మల్ల ఒక్కడే నడి ఖాడీలకు పోతడు రిబ్కా. ఈసారి చాపలోల్లు ఉంటరో ఉండరో.”

రిబ్కా వంగి మోటరు ఆపేసింది.

ఆ సాయంత్రం నర్సింగం గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, ఆమే అందుకుంది. “ఇయ్యాల మస్తు అలిగింది తమ్మీ. తిని పో, రేపు సూద్దాం.”

నర్సింగం తల గోక్కున్నాడు. “మొన్న మీరు ప్రార్థనకు పోయినప్పుడు నేనే గుంజి సూసిన వదినె. మంచిగనే నడుస్తంది.”

“మరి తీస్కపోలేదేంది?”

“అన్న గింత మురిసి చేస్తండు. బాగైందంటె చిన్నబోతడేమోనని…”

రిబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏసుదాసు మాత్రం ఉత్త స్క్రూ ఒకటి పట్టుకుని చాలాసేపు తుడుస్తూ కూర్చున్నాడు.

మర్నాడు మోటరు వెళ్లిపోయింది. డ్రమ్ము తోముకున్నా రిబ్కాకు ఇల్లు బోసిగా అనిపించింది. రోజంతా వాన. ఏసుదాసు పనికి పోయినట్టే పోయి, రెండుసార్లు ఖాడీ ఒడ్డుదాకా వెళ్లొచ్చాడు.

పొద్దుగూకే వేళ తలుపు చప్పుడైంది. నర్సింగం. చేతిలో తాడుకు గుచ్చిన నాలుగు చేపలు. భుజం ఖాళీ.

ఏసుదాసు అతని వెనక్కి తొంగి చూశాడు. “మోటరేది? మల్ల అలిగిందా?”

“లేదన్నా. మంచిగున్నది.”

“మరి ఎందుకొచ్చినవ్?”

“ఆకలైంది,” అన్నాడు నర్సింగం.