లైను చివర లేచే ఎడమ చెయ్యి

తొంభైల మధ్యలో రాసిన ఒక డైరీలో, కొన్ని పేజీల మూల అంకె ఒకటి వేసి ఉంటుంది. తొమ్మిది, ఆరు, ఏడు, మళ్ళీ తొమ్మిది. ఆ రోజు పియానో ముందు నా ఎడమ చెయ్యి ఎన్నిసార్లు తప్పు చేసిందో ఆ లెక్క.

అప్పట్లో నేను ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టెనోగ్రాఫర్‌ని. సాకేత్‌లో ఉండేవాళ్ళం. పదో తరగతి పరీక్షలని మా అమ్మాయి పియానో పాఠాలు మానేసింది. ఆ మాట చెప్పడానికి పక్క బ్లాకులోని టీచరుగారింటికి వెళ్ళి, ఆవిడ టీ తెచ్చేలోగా ఊరికే పియానో ముందు కూర్చున్నాను. నా పాఠాలు అలా మొదలయ్యాయి. నాకప్పుడు నలభై తొమ్మిదేళ్ళు.

టీచరుగారిది విశాఖపట్నం. అరవై దాటిన మనిషి. నేను కూర్చున్న తీరు చూసి మొదటి రోజే నవ్వారు. ఇరవయ్యారేళ్ళు టైపు మిషను ముందు కూర్చున్న ఒళ్ళు నాది. నిటారు వెన్ను, పక్కటెముకలకు అంటుకున్న మోచేతులు. అదైనా నయం. పుస్తకంలో స్వరాల వరుస ఒకటి పూర్తికాగానే, ఎడమ చెయ్యి దానంతటదే లేచి, లేని లివరును గాలిలో కుడివైపుకు తోసేది. టైపు మిషనులో లైను చివర గంట మోగగానే, కాగితాన్ని మళ్ళీ మొదటికి తెచ్చే లివరు అది.

"లైనైపోయిందేంటండీ? గంట మోగలేదే!" అనేవారు టీచరుగారు.

ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఇంకా నయం, అన్నం తింటూ తొయ్యట్లేదు" అంది.

మూడు నెలలకు డైరీలో సున్నా వచ్చింది. దాని చుట్టూ ఎర్ర సిరాతో ఇంకో సున్నా చుట్టాను.

ఆ చలికాలమే ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. టైపు మిషన్లు ఒక్కో సెక్షన్ నుంచీ స్టోరుకు వెళ్ళిపోతున్నాయి. "అంకుల్, అబ్ ఆరామ్ కీజియే" అన్నారు కొత్తగా చేరినవాళ్ళు, ఇక విశ్రాంతి తీసుకోమని. చేతిలో పని ఉండగానే ఆ పనికి విలువ పోవడం నాకు మింగుడు పడలేదు. ఈ చేతులకు ఇంకొకటి కూడా వచ్చునని నాకు నేనే చూపించుకోవాలనిపించింది. అందుకే, టీచరుగారు ఏటా తన ఇంట్లో పెట్టే పిల్లల కచేరీలో నేనూ వాయిస్తానన్నాను.

ఆవిడ ఇచ్చిన పాఠం వింతగా ఉంది. పియానో ముందున్న చెక్క తీసేశారు. లోపల తీగలు నిలువుగా కనిపించాయి. కుడిచేత్తో పియానో మెట్లు నాలుగింటిని చప్పుడు కాకుండా మెల్లగా అదిమి, అలాగే పట్టుకోవాలి. ఎడమ చెయ్యి పైకి చాచి, తీగలన్నిటినీ ఎడమ నుంచి కుడికి వేళ్ళతో నిమరాలి. అదిమిన నాలుగు స్వరాలే, ఎక్కడో మూసిన గదిలోంచి వచ్చినట్టు మోగుతాయి.

నాకు మోగలేదు. ఎడమ చెయ్యి ఎత్తితే భుజం చెవిదాకా లేచేది. నడుము మెలితిరిగేది. దాంతో కుడిచేతి వేళ్ళు మెట్లను వదిలేసేవి. చెక్కను గీకినట్టున్న చప్పుడు తప్ప ఏమీ వచ్చేది కాదు. స్టూలు ఎత్తు మార్చాను. పియానోకీ నాకూ మధ్య దూరం స్కేలుతో కొలిచి రాసుకున్నాను. ఏ కొలతా పనికిరాలేదు.

"శనివారం దాకా చూస్తానండీ. కుడిచెయ్యి నిలబడకపోతే కచేరీలో వద్దు. పిల్లల ముందు మీకే బాగుండదు" అన్నారు టీచరుగారు.

శుక్రవారం నా మిషను వంతు వచ్చింది. స్టోరుకు అప్పగించే వస్తువుల జాబితాను దాని మీదే టైపు చేయమన్నారు. అందులో నా మిషను కూడా ఉంది. మూడో లైను చివర గంట మోగింది. ఎడమ చెయ్యి వెళ్ళి లివరు తోసింది. ఆ క్షణంలో నా చూపు కుడిచేతి మీద ఉంది. అది కదల్లేదు. వేళ్ళు వాటి అక్షరాల మీదే ఉన్నాయి. భుజం లేవలేదు, నడుము తిరగలేదు, పాదాలు రెండూ నేలకు ఆని ఉన్నాయి. తర్వాతి లైనుకూ అంతే. నమ్మకం కుదరడానికి ఒక పేజీ జాబితాను రెండు పేజీలకు సాగదీశాను.

శనివారం టీచరుగారితో, "మీరు మాన్పించిన పని ఈరోజు చేస్తానండీ" అన్నాను.

నాలుగు మెట్లు అదిమాను. లైను అయిపోయిందనుకున్నాను. చెయ్యి లేచి తోసింది. తీగలు మోగాయి. ఆ మోత పూర్తిగా ఆగేదాకా కుడిచేతి వేళ్ళు మెట్లను వదల్లేదు.

"అయ్యో, మూడు నెలలు పట్టుబట్టి దీన్నా నేను మాన్పించింది!" అన్నారావిడ.

కచేరీలో పదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని వాయించాను. కుడిచెయ్యి నిలిచింది. బయటికి రాగానే మా అమ్మాయి, "నాన్నా, ఆప్ తో టైపింగ్ కర్ రహే థే! టైపే కొట్టారు!" అంది.

"అవునమ్మా" అన్నాను.

సోమవారం నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. మొదటి లైను చివర ఎడమ చెయ్యి లేచి గాలిని తోసింది. పక్క సీటాయన నవ్వాడు. ఆ రోజంతా అది లేస్తూనే ఉంది. డైరీలో ఆ రోజు పేజీ మూల మాత్రం అంకె వెయ్యలేదు.