మా అత్త పంచిన తెల్లబిళ్ళలు

కళ్ళు మూసుకుంటే ఆ రోజుల పొద్దుటి మంచు ఇప్పటికీ ముఖానికి తగులుతుంది. ఓడరేవులో ఎక్కడో ఓడ కూత పెట్టేది. ఆ కూత నీళ్ళ మీంచి మెల్లగా వచ్చి మా పేట దగ్గర ఆగేది. మంచులో మా అత్త ఒడ్డు వైపు నడుస్తూ ఉంటుంది. నడుం వంగిపోయింది కాబట్టి తల కనబడదు. నీలం కోక ఒక్కటే కదులుతుంది.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న కాలం అది. పేటలో కుర్రాళ్ళు కొందరు వలలు వదిలి అక్కడ పనికి పోయేవారు. నాకు నలభై దాటాయి. అక్షరం ముక్క రాదు. తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మేదాన్ని.

ఒకరోజు అత్త మణికట్టు విరిగింది. ఎక్కడి నుంచో పడలేదు. తడి ఇసుకలో కాలు జారితే చెయ్యి ఆన్చింది, అంతే. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎముకల ఫొటో తీయించి, కట్టు కట్టి, అత్త వెన్ను మీద బొటనవేలితో నొక్కి చూసింది.

“ఎముకలు గుల్లబారిపోయాయమ్మా. ఈసారి తుంటి విరిగితే ఇక మంచం మీదే,” అంది నాతో.

మంచం పడితే మా అత్త బతకదని నాకు తెలుసు. పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళి, పడవలు రావడం చూస్తేగాని ఆమెకు తెల్లవారినట్టు కాదు. డాక్టరమ్మ రోజుకు రెండు చొప్పున తెల్లబిళ్ళలు రాసింది. నెలకోసారి మనిషి వస్తేనే మందు. అత్త మొదటి బిళ్ళ కొరికి మొహం చిట్లించింది.

“ఏటే ఇది, సంద్రం నురుగు నాగుంది!”

నిజమే. ఒడ్డుకు కొట్టుకొచ్చే తెల్లని పెంకు ఒకటుంటుంది, దాన్ని సంద్రం నురుగు అంటాం. గోటితో గీస్తే సుద్దలా రాలుతుంది. బిళ్ళ కూడా అలాగే ఉండేది.

మూడు నెలలు రిక్షాలో తీసుకెళ్ళాను, తీసుకొచ్చాను. నాలుగో నెలలో అత్త గట్టిగా దగ్గింది, పక్కటెముక చిట్లింది. దగ్గుకే!

“బిళ్ళలు వేసుకుంటోందా?” డాక్టరమ్మ అడిగింది.

“నా కళ్ళెదరే ఏసుకుంటందమ్మా,” అన్నాను. అబద్ధం. చేపల వేళకి నేనెప్పుడు ఇంట్లో ఉన్నాను గనక?

ఆ మర్నాడు ఉప్పు కోసం పక్కింటికి వెళ్ళాను. పక్కింటి ముసలమ్మ తమలపాకుల సంచిలోంచి తెల్లబిళ్ళ తీసి, పళ్ళు లేవు కదా, రోట్లో నూరుతోంది.

“ఇది నీకెక్కడిదే అప్పా?”

“మీ అత్తిచ్చింది. నాకొక్కదానికేటి? ఐదుగురికి ఇత్తంది. నీకు తెల్దేటి?”

నేను ఉప్పు మర్చిపోయి ఇంటికొచ్చాను.

“నీ బిళ్ళలు ఊరంతా పంచీసినావేటి?”

అత్త కంగారు పడలేదు. “ఊరు కాదు. ఐదుగురు. ఆళ్ళ నడుములు సూసినావా? నాదానికన్నా ఒంగిపోనాయి.”

“మందు సేపలనుకున్నావేటి, వాటాలెయ్యడానికి? ఒకలికిచ్చింది ఆరుగురు తింతే ఎవులికీ సాలదు!”

“మీ మావ సంద్రంలో పోయిన ఏడు మన పొయ్యి ఎవులెలిగించినారే?”

మా పేటలో అదొక ఆచారం. పడవ ఒడ్డుకొస్తే మనిషికో వాటా, పడవకో వాటా, వలకో వాటా వేస్తారు. వాటాలన్నీ వేశాక, తట్టలు ఎత్తే ముందు, మగదిక్కు లేని ఇంటికి ఒక దోసెడు తీసి పక్కన పెడతారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆ దోసెడు చేపలతో అత్త ముగ్గురు పిల్లల్ని పెంచింది. అందులో ఒకడు నా పెనిమిటి. ఈ ఐదుగురు ముసలమ్మలూ ఆ పడవల వాళ్ళ ఇళ్ళవాళ్ళే.

“అయితే ఆళ్ళకీ సీటీలు రాయిద్దుము. నీది నువ్వే తిను,” అన్నాను చివరికి.

“ఆళ్ళెలాగొత్తారే? ఒకర్తైతే గడప దాటనేదు.”

చేపల తోపుడుబండి కడిగి, గోనెలు పరిచి, ఆరుగురినీ ఎక్కించాం. మా మరిది తోశాడు. ఎంత కడిగినా వాసన పోలేదు. ఎండ ఇంకా మెత్తగా ఉంది, బండి పడవలా ఊగుతోంది. వెనకాల నడుస్తుంటే అది నేల మీద పోతున్నట్టే అనిపించలేదు నాకు.

“సేపలోయ్ సేపలు!” అని అరిచింది పక్కింటి ముసలమ్మ.

“ఎవులు కొంతారే మనల్ని? అన్నీ ముళ్ళే!” అంది ఇంకొకామె.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చి బండిని చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బండి దగ్గరే నిలబడి ఆరుగురినీ చూసింది. ఆరు చీటీలు రాసింది. నెల నెలా వీళ్ళను మోసుకురాలేనని నేను చెబితే మందులిచ్చే అతన్ని పిలిచింది. అతను పుస్తకం తిరగేసి, “ఒకరొచ్చి అందరివీ పట్టుకెళ్ళొచ్చు. కానీ సంతకం పెట్టాలి. పక్కవాళ్ళ మందుకి వేలిముద్ర కుదరదు,” అన్నాడు.

“నాకు రాదు బాబూ.”

“నెల టైముంది కదా, నేర్చుకో.”

వలలు బాగుచేసే పాకలో మధ్యాహ్నాలు ఒక టీచరమ్మ పెద్దవాళ్ళకు చదువు చెప్పేది. అంతవరకూ ఆ పాక వైపు చూసి నవ్వేదాన్ని. ఇప్పుడు వెళ్ళి కూర్చున్నాను. ఒడ్డున తడి ఇసుకలో వేలితో నా పేరు రాసుకునేదాన్ని. అల వచ్చి తీసుకుపోయేది. మళ్ళీ రాసేదాన్ని. ఆ నెలలో సముద్రం నా పేరు ఎన్నిసార్లు తిన్నదో!

నెల తిరిగాక కౌంటరు దగ్గర చెమటలు పట్టి, పెన్ను విరిగేంతగా నొక్కి సంతకం పెట్టాను. అతను పుస్తకం తనవైపు తిప్పుకుని చూసి, ఆరు పొట్లాలిచ్చాడు. తర్వాత తర్వాత ఎవరి పొట్లం మీద వాళ్ళ పేరు కూడా రాశాను.

నేను మొదటిసారి సంతకం పెట్టిన సాయంత్రం అత్త ముందు ఐదిళ్ళకూ తిరిగి, ఎవరి పొట్లం వాళ్ళ చేతికి వచ్చిందో లేదో చూసుకుంది. తర్వాత నా ముందు కూర్చుని నోరు తెరిచి బిళ్ళ వేసుకుంది.

“ఇప్పుడు నా వాటా నాను తింతాను. సూడు.”

ఆ బిళ్ళలే అంతా చేశాయని నేను చెప్పను. వంగిన నడుం లేవలేదు. ఆలస్యంగా వచ్చారని డాక్టరమ్మే అంది. కానీ తుంటి విరగలేదు. కడపటి జ్వరం వచ్చేదాకా మా అత్త తన కాళ్ళ మీదే ఒడ్డుకు వెళ్ళింది. మంచులో కోక కదలడం ఆగి కాసేపయ్యాక, పడవ కనబడిందని అక్కడి నుంచి ఆమె కేక వినబడేది.