పసుపు పూసిన బంతి

ఈ మధ్య పాత వీడియో గేమ్ మిషన్లు బాగుచేసుకునేవాళ్లు నాకు ఫోన్లో ఫోటోలు పంపి, ఈ విడిభాగం దేనిదో చెప్పమంటున్నారు. మొన్న వచ్చిన ఫోటోలో ఒక ఇనప రోలరు, దాని నడుమ అరిగిన గాడి. జవాబు రాసేలోపే పోయినవన్నీ లెక్కకొచ్చాయి: నరసరావుపేట బస్టాండు వెనక బావ పెట్టిన వీడియో గేమ్ దుకాణం ఒకటి, అందులో మిషన్లు నాలుగు, మేం మామా అని పిలిచే లేత్ షాపు సాయిబు, మా అక్క.

ఆ నాలుగింట్లో మూడింటికి హ్యాండిళ్లు, నాలుగోదానికి బంతి. బల్లలో సగం మునిగి ఉండే ఆ తెల్లబంతిని అరచేత్తో దొర్లిస్తే తెరమీద బొమ్మ అటే పరుగెత్తేది. బంతి కింద రెండు రోలర్లు, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి. ఒక్కోదాని చివర చీలికల చక్రం, ఆ చీలికల్లోంచి వెలుతురు వచ్చిపోతుంటే మిషను లెక్కపెట్టుకునేది. చదువు మధ్యలో మానేసి బావ దగ్గర చేరిన నాకు, లెక్కపెట్టే మిషను గనకేమో, అది బాగా నచ్చింది. దుకాణం వెనక గదుల్లోనే అక్కా బావల కాపురం. పొద్దున్నే షట్టరు తీయకముందు అక్క కొంగు నడుముకు దోపుకుని ఆ బంతి మిషను మీద ఒక ఆట ఆడేది. ఆమెకున్న సరదా అదొక్కటే. బావ టీ తాగుతూ వెక్కిరించేవాడు, ఆమె ఓడి లోపలికి పోతే మళ్లీ ఆయనే ఇంకో ఆటకి రమ్మని పిలిచేవాడు.

దసరాకి అక్క ఆయుధపూజ చేసింది. స్క్రూడ్రైవర్లకి, గల్లాపెట్టెకి బొట్లు పెట్టి, బంతికి మాత్రం ప్రేమకొద్దీ తడి పసుపు నిండుగా పూసి దొర్లించింది. పండగయ్యాక చూస్తే బంతి కదల్లేదు. పసుపు లోపలికి దిగి బేరింగుల్లో గట్టిపడింది. బావ పంతంకొద్దీ నొక్కి తిప్పితే అడ్డం రోలరు కాస్తా వంగింది.

ఆడటానికొచ్చినవాళ్ల ముందే అరిచాడు. "ఏందే ఇది? గేదె కొమ్ములనుకున్నావా పసుపు పూయటానికి?"

"మీ స్కూటరుకు పూయలా? అదేమన్నా ఆగిందా?" అంది అక్క.

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి బావకు ఇంకా మండి, ఇక దుకాణంలో అడుగుపెట్టొద్దన్నాడు. ఆయన నోటితో పిలిస్తేనే మళ్లీ వస్తానని అక్క నాతో చెప్పింది.

మిషను బాగైతే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. బేరింగుల మీద నంబరు చెరిగిపోతే లోపలి కొలత, బయటి కొలత చూసుకుని ఫ్యాన్లు బాగుచేసే షాపులో సంపాదించాను. రోలరు లేత్ షాపు మామ చేసిచ్చాడు. సన్నగా ఉంటే తొందరగా అరుగుద్దని, నాగలి బోల్టుకి కలిపినట్టే కాస్త లావు కలిపాడు. బిగించాక బొమ్మ నిలువుగా బాగానే పోతోంది, అడ్డంగా మాత్రం ఈడుస్తోంది. మూడంగుళాల బంతి ఒక చుట్టు తిరిగితే అరంగుళం రోలరు ఆరు చుట్లు తిరగాలి, మామ చేసింది అయిదే తిరుగుతోంది.

"గోరుమందం లావుకి ఇంత గొడవేందిరా అల్లుడూ!" అంటూనే మామ దాన్ని మళ్లీ లేత్‌కి ఎక్కించాడు.

ఈసారి వేలు తగిలితే చాలు, బంతి దొర్లింది. బావ మొహం విప్పారింది. వెనక తలుపు వంక చూడకుండా, మీ అక్కను రమ్మనరా అన్నాడు.

అక్క బియ్యం ఏరుతోంది. "ఆయనకు నోరు లేదా? అరిచినప్పుడు చానా పెద్దగానే ఉందే!"

ఆ మాట మోసుకొచ్చి చెబితే బావ నవ్వాడు, రేపు పిలుస్తాలే అన్నాడు. ఆ రేపు రాలేదు. ఇద్దరి మధ్య వంటలు, మందులు, చుట్టాల కబుర్లు మామూలుగానే నడిచాయి, ఆ ఒక్కటే నడవలేదు. ఏడాది తిరక్కుండా కామెర్లు ముదిరి అక్క పోయింది. నెల మాసికం అయిన మర్నాడు బావ షట్టరు తీయకముందే మిషను వేసి, బంతి మీద చెయ్యి పెట్టి, వెనక తలుపు వైపు తిరిగి నోరు తెరిచాడు. మిషను ఆపేశాడు.

ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. రోలరు కావాలంటే ఫోన్లో నొక్కితే కొరియరులో వస్తుంది, సరిగ్గా అరంగుళం, ఎవరితోనూ పోట్లాడే పనిలేదు, ఎవరినీ బతిమాలే పనీ లేదు. బావకు డెబ్బై దాటాయి. కనబడినప్పుడల్లా ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకుంటాం. అక్కకు ఆయన ఇవాళ్టికీ ఒక్క పిలుపు బాకీ.