అత్త బస్తాలోని రెక్కల పురుగులు

ఇవాళ బియ్యం డబ్బా తెరవగానే చిన్న బూడిదరంగు రెక్కల పురుగు ఎగిరింది. మీ ఇళ్లలోనూ ఎగిరేవి కదా?

నా చిన్నప్పుడు మేనత్త బోధన్ నుంచి మాకు బియ్యం బస్తా పంపేది. ఒకసారి కంఠేశ్వర్‌లోని మా ఇంటికొచ్చి, డబ్బాలో పురుగులు చూసి, ఇరుగుపొరుగు ముందే అమ్మను "బియ్యం సుత సక్కగ దాయరాదా నీకు?" అని కడిగేసింది. నాకు ఒళ్లు మండింది.

తర్వాతి బస్తా రాగానే పిడికెడు బియ్యం సీసాలో పోసి గుడ్డ కట్టాను. కొన్నాళ్లకు తెల్ల పురుగులు గింజలను దారాలతో అల్లుకుని, గూళ్లు కట్టుకుని, చివరికి బూడిద రెక్కలతో బయటికొచ్చాయి. అత్త మళ్లీ వచ్చినప్పుడు సీసా ముందు పెట్టాను.

"గుడ్లు నీ బస్తాలనే వచ్చినయి, అత్తా."

తన అక్కకే ఎదురు చెప్పానని బాపు నా చెంప పగలగొట్టాడు.

అమ్మ ఆ బస్తా మూతి కట్టి, అత్త రిక్షాలో పెట్టించింది. "వదినె, నీ బియ్యం నువ్వే వండుకో" అంది.