రేవులో వదిలేసిన చెల్లెలు

నేను రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నప్పుడు, ఒక వేసవిలో మా యూనివర్సిటీ నన్ను కొద్ది వారాల చదువుకి పారిస్ పంపించింది. ఎనభైల మొదట్లో సంగతి. ప్రభుత్వాలు ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తాయి, ఒప్పందాలు ఎలా కుదురుతాయి, ఒక దేశం చేసిన నిర్ణయం ఇంకో దేశంలోని మనుషుల మీద ఎలా పడుతుంది అన్నవి అక్కడి పాఠాలు. మాది మండపేటలో బట్టల కొట్టు. మా ఇంట్లో ఆడపిల్ల మద్రాసు దాటి వెళ్ళడం అదే మొదలు. నాన్న వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒక సాయంత్రం రాజమండ్రి నుంచి కొత్త సూట్‌కేసు పట్టుకొచ్చి నా మంచం పక్కన పెట్టి, మళ్ళీ కొట్లోకి వెళ్ళిపోయారు.

పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పేవారు కాబట్టి ఇబ్బంది లేదు. తిండితోనే చిక్కొచ్చింది. ఏ గిన్నెలో ఏ మాంసం ఉందో తెలియక మొదటి రోజులన్నీ రొట్టె, అరటిపళ్ళతో గడిపాను. ఒక మధ్యాహ్నం హాస్టల్ మెస్సులో ట్రే చేతిలోంచి జారి వేడి సూపు కాలి మీద పడింది.

"అమ్మో, కాలిపోయింది!" అన్నాను.

తుడవడానికి గుడ్డ తెచ్చిన పనావిడ వంగినది వంగినట్టే ఆగిపోయింది. అరవై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు చెవుల దాకా కత్తిరించుకుని, నీలం గౌను మీద తెల్లగుడ్డ కట్టుకుని ఉంది. రోజూ చూస్తున్న మనిషే. ఏ ఆఫ్రికా దేశస్థురాలో అనుకుంటూ వచ్చాను.

"ఏ ఊరమ్మా?" అంది తెలుగులో.

"మండపేటండి" అన్నాను.

"మాది యానాం" అంది.

మర్నాటి నుంచి నాకు విడిగా ఇంత అన్నం వండి, పెరుగు వేసి తెచ్చేది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని మాట్లాడేది. ఆవిడ తెలుగు ఎక్కడో ఆగిపోయిన తెలుగు. మా నాయనమ్మతోనే పోయాయనుకున్న మాటలు ఆవిడ నోట వినిపించేవి. మామూలు మాటలు మాత్రం దొరికేవి కావు. "తలుపుకి వేస్తారే, అదేంటమ్మా?" అని అడిగి, "గడియ" అని నేనంటే కళ్ళు మూసుకుని నాలుగైదుసార్లు అనుకునేది.

యానాం ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న రోజుల్లో ఆవిడ అక్కడ చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టింది. పదహారేళ్ళప్పుడు ఫ్రెంచి పటాలంలో పనిచేసే సిపాయితో వెళ్ళిపోయింది. అతనిదీ యానామే, కిరస్తానీ. ముందు సైగాన్, తర్వాత పారిస్. పిల్లలు లేరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. "ఆయన పోయాక తెలుగు గోడతో మాట్లాడేదాన్ని. తర్వాత అదీ మానేశాను" అంది.

ఒకరోజు క్లాసులో ప్రొఫెసరు మ్యాపు పరిచి, ఒక ప్రభుత్వం తన ప్రాంతాన్ని ఇంకో ప్రభుత్వానికి అప్పగించేటప్పుడు అక్కడి జనానికి ఏ దేశ పౌరులుగా ఉండాలో ఎంచుకునే అవకాశం ఎలా ఇస్తారో చెప్పారు. మ్యాపులో యానాం సూది మొనంత చుక్క. మధ్యాహ్నం ఆవిణ్ణి అడిగాను.

"మీరు ఫ్రాన్సు పౌరసత్వం కోరుకున్నారాండీ?"

"నన్నెవరూ అడగలేదమ్మా. మా ఆయన సంతకం పెట్టాడు" అంది.

నేను బయల్దేరే ముందురోజు వంటింటి వెనక బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, తలెత్తకుండా చెప్పింది. "నాకో చెల్లెలుండేది. ఏడేళ్ళది. నన్నొదిలేది కాదు. ఆ రోజూ వెంటపడింది. రేవులో మెట్టు మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తాను, కదలకు అన్నాను. పడవెక్కి వెనక్కి చూస్తే దిగిపోతానేమోనని చూడలేదు." కత్తి పక్కన పెట్టింది. "బతికుందో లేదో చూసి రాస్తావా? మావాళ్ళు నన్ను తిట్టుకునే ఉంటారు. అది రాయక్కర్లేదు. ఆ రోజు చెల్లి ఇంటికి చేరిందో లేదో రాయి."

ఊరికి వచ్చిన కొన్నాళ్ళకి యానాం బస్సెక్కాను. చేపలవాళ్ళ పేటలో, ఆవిడ చెప్పిన తండ్రి పేరుతో ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఇల్లు చూపించారు. చెల్లెలికి యాభై దాటాయి. వాకిట్లో చాప మీద చేపలు ఎండబెడుతోంది. ముఖం అచ్చం అక్కదే. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక, మీకో అక్క ఉండేవారటగా అన్నాను.

"ఆయ్. సిన్నప్పుడే గోదాట్లో పడిపోయిందండి. అమ్మ దినం కూడా సేసింది."

"కాదండీ. బతికే ఉన్నారు. పారిస్‌లో నేను చూశాను. నాకు అన్నం వండి పెట్టారు."

ఆవిడ చేపలు తిప్పుతూనే ఉంది. కోడలు లోపల పనిలో ఉందని చూసుకుని, నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

"తెలుసండి."

నేను చాప పక్కన కూర్చున్నాను.

"పడవెక్కడం సూశాను. ఆ సిపాయి సెయ్యిచ్చాడు. సీకటి పడేదాకా ఆడే కూకున్నాను. ఇంటికొస్తే నాన్న కత్తట్టుకుని తిరుగుతున్నాడు. అక్కేదే అన్నాడు. నిజం సెప్తే ఎనకాలెల్లి నరికేత్తాడని, నీళ్ళల్లో పడిపోయిందన్నాను." ఆవిడ చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "పేటంతా పడవలేసుకుని వలలతో ఎతికారు. రోజుల తరబడి. అమ్మ సచ్చిపోయేదాకా రోజూ రేవుకెల్లి నీళ్ళకేసి సూసేది. ఎప్పటికైనా ఒడ్డుకి తేలుద్దని. అమ్మకైనా సెప్పలేదండి. ముందు బయం. తరవాత ఎలా సెప్పాలో తెలీలేదు."

వెళ్ళొస్తానని లేచాను. వీధి దాకా వచ్చి, "ఇయ్యన్నీ దానికి రాయకండి. బాగున్నానని రాయండి. ఇంటికి సేరానని రాయండి" అంది.

బస్సు ఆలస్యమవుతుందంటే గోదావరి ఒడ్డున కాసేపు నిలబడ్డాను. ఎవరో పడవలోంచి వల విసిరి లాగుతున్నారు. అది పైకి వస్తుంటే చూడలేక ముఖం తిప్పుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు నీళ్ళలోంచి వల లేచే చోట నిలబడలేకపోయేదాన్ని. నీళ్ళలో ఎవరూ లేరని నాకు తెలుసు. లేని మనిషి కోసం ఒక తల్లి ఆ నీళ్ళకేసి అన్నేళ్ళు చూసిందనీ తెలుసు.

హాస్టల్ అడ్రసుకి, అక్క పేర, చెల్లెలు చెప్పమన్నంతే రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తే, ఆ పనావిడ పని మానేసి వెళ్ళిపోయిందనీ, ఎక్కడుందో తెలియదనీ ఆఫీసువాళ్ళు రెండు ముక్కలు టైపు చేసి పంపారు.

చెల్లెలు మాత్రం మండపేట రావడం మొదలుపెట్టింది. యానాం బస్సు దిగి, నేను చెప్పిన గుర్తులతో నేరుగా మా కొట్టుకి వచ్చి, గుమ్మం పక్కన నిలబడి, "ఏమన్నా వచ్చిందాండి?" అని అడిగేది. నా దగ్గర సంగతంతా విన్న నాన్న స్టూలు వేయించి కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, "ఇంకా రాలేదమ్మా" అనేవారు. చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఇంకాస్త చిక్కినట్టు కనిపించేది.

ఒక వానాకాలం పూట తడిసిపోయి వచ్చింది. నేనూ కొట్లోనే ఉన్నాను. ఆవిడ నోరు తెరవకముందే నాన్న అన్నారు.

"వచ్చిందమ్మా. మొన్ననే వచ్చింది. బాగున్నారట."

నేను తల వంచుకుని బట్టల తాను మడత పెడుతున్నట్టు నటించాను. అబద్ధమాడి నాన్న సరుకు అమ్మడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

"ఏమని రాసిందండి?"

"నువ్వు ఇంటికి చేరావని తెలిసి మనసు కుదుటపడిందట" అన్నారు నాన్న, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

ఆవిడ మా నాన్న ముఖం కేసి చూసింది. అబద్ధం ఎలా ఉంటుందో ఏడేళ్ళ వయసు నుంచీ తెలిసిన మనిషి. తడిసిన కొంగు పిండుకుని లేచింది.

"మీరు మంచోరండి" అంది. వానలోనే బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు. ఏమైందో కనుక్కోవడానికి నాకు ధైర్యం చాలలేదు. నాన్న మాత్రం చాలాకాలం యానాం బస్సు వచ్చే వేళకి, చేతిలో పని ఆపి వీధికేసి చూసేవారు.