గడప దాటని చక్రాల మంచం

మా అవ్వ చావుతో తలపడిన వీరగాథ చెబుతాను. అందులో నక్షత్రాలున్నాయి, రథం ఉంది, ఐదు రోజుల మహాయుద్ధం ఉంది. నిజం చెప్పాలంటే, రథం అనేది వెల్డింగ్ షాపులో చక్రాలు కొట్టించిన ఇనుప మంచం. యుద్ధంలో మేం చేసిందల్లా ఒక ముసలామెను వసారాలోకి మోయడం, మళ్లీ లోపలికి మోయడం. వీరగాథ అంతే.

అవ్వ అంటే మా తాతకు అమ్మ. తొంభై ఎప్పుడు దాటిందో చెప్పగలిగినవాళ్లంతా ఆమెకంటే ముందే పోయారు. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. నట్టింట్లో నేలలో తవ్విన గుంత, అందులో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం, దాని పక్కనే అవ్వ మంచం. చూపు పోయింది, పళ్లు పోయాయి, నోరు మాత్రం పోలేదు. వేళ్లు ఊరికే దుప్పటి అంచును పురి పెడుతూ ఉండేవి. ఓపిక ఉన్నన్నాళ్లూ కొత్త పడుగు పోగులను పాత పోగులకు అతికించిన వేళ్లు అవి.

డాక్టరు చూసి, "జబ్బేమీ లేదు, వయసంతే" అన్నాడు.

"దానికి మాత్రేమన్నా రాస్తారా సార్?" అన్నాను. నాయన నా కాలు తొక్కాడు.

జబ్బు లేకపోవడమే మాకు ఇబ్బంది. జబ్బయితే కొంచెం ముందుగా కబురు పెడుతుంది. వయసు ఏ రోజైనా పని ముగించుకుని పోవచ్చు. చెడ్డ నక్షత్రంలో ఇంట్లో మనిషి పోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసేయాలి. అలాంటి రోజులు నెలనెలా వరుసగా ఐదు వస్తాయి. గిన్నెలూ బట్టలూ అయితే బాడుగ ఇంటికి తీసుకుపోవచ్చు, గుంతను తీసుకుపోలేం. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. వసారాలో పోతే ఇల్లు మూయక్కర్లేదని ఒక పెద్దమనిషి చెప్పాడు. ఇక నెలనెలా తాత గోడ మీది క్యాలెండర్ చూడటం, మేం అవ్వను మోయడం.

"ఏంరా, మళ్లా బయటేస్తాండారా నన్ను?"

"గాలి కోసం అవ్వా."

"ఈ సలికి గాలేందిరా, బేవార్సు నాయాలా!"

తాతకే డెబ్బై దాటాయి. మోసిన ప్రతిసారీ నడుం పట్టేసేది. "మంచానికి చక్రాలు పెట్టిస్తే తేరు లాగినట్టు లాగొచ్చు" అన్నాను ఒకసారి నవ్వులాటకి. మా ఇంట్లో నవ్వులాటలు అమలవుతాయని నాకు తెలియదు. మరుసటి రోజే నాయన చక్రాలు కొట్టించుకొచ్చాడు. అందరం కలిసి తోశాం. రథం గడప దగ్గర ఆగింది. రోజూ దాటే గడప, వారం వారం అమ్మ పసుపు పూసే గడప, ఎవరికీ గుర్తు రాలేదు. మంచం, అవ్వ, చక్రాలు, మూడింటినీ కలిపి ఎత్తాం. వసారా నేల వాలుగా ఉంటుంది కాబట్టి రథం దానంతటదే కాలువ వైపు బయలుదేరింది. ఇటుకలు అడ్డం పెట్టాం.

పోయిన చలికాలం వసారా నుంచి వచ్చాక అవ్వకు దగ్గు పట్టుకుంది. తిండి తగ్గింది, గొంతు సన్నబడింది. తర్వాతి నెల మంచం కదపబోతే చెయ్యి చాచి మగ్గం గుంజ పట్టుకుంది.

"నేను యాడికీ రాను. ఈడే పోతా. ఈ సప్పుడు లేకుంటే నాకు నిద్ర పట్టదు."

"అమ్మా, ఇల్లు మూస్తే మగ్గం యాడ పెట్టుకోవల్ల? గుంతను సంకన పెట్టుకోని పోదామా?" అన్నాడు తాత.

"అయితే మూయద్దు."

"వీధిలో ఒప్పుకోరమ్మా."

"వాళ్లొచ్చి నేస్తారేమిరా నీ చీర?"

తాత ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పబోయాడు. ఒకటి విప్పితే ఇంకొకటి పట్టుకుంటోంది. కాసేపటికి వదిలేసి గుంతలోకి దిగి కూర్చున్నాడు. "ఉండనీలేప్పా" అన్నాడు మాతో, మగ్గం వైపు చూస్తూ.

ఆ ఐదు రోజులు చూసుకున్నంత బాగా అవ్వను మేం ఎప్పుడూ చూసుకోలేదు. అమ్మ చెంచాతో గంజి పోసేది. నాయన వచ్చిపోయేటప్పుడల్లా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. "ఇంకా ఉండానులేరా" అనేది అవ్వ. ఆ సేవంతా గుంత కోసమని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. నాకు కూడా జోకేమీ తట్టలేదు.

నక్షత్రం మారిన పొద్దున తాత క్యాలెండర్ చూసి కాఫీ అడిగాడు. ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. మధ్యాహ్నం గంజి తెచ్చిన అమ్మ మంచం దగ్గర అలాగే నిలబడిపోయింది. మగ్గం ఆడుతోంది. అవ్వ వేళ్లు మాత్రం ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో, పక్కనే నేస్తున్న తాతకూ తెలియలేదు.

తాత మొదట క్యాలెండర్ వైపు చూశాడు. ఆ తర్వాత వాళ్లమ్మ వైపు చూశాడు.

ఇల్లు మూయలేదు. మైల తీరాక మగ్గం మళ్లీ ఆడింది. మంచాన్ని పాత ఇనుముకు వేసి, చక్రాలు మాత్రం విప్పి నీళ్ల డ్రమ్ము కింద బిగించాం. మా వీధికి కొళాయి నీళ్లు రోజూ రావు, వచ్చినప్పుడే పట్టుకోవాలి. నిండు డ్రమ్మును ఇప్పుడు ఒక్కరే తోయొచ్చు. వసారాలోనే ఉంటుంది కాబట్టి గడపతో పనిలేదు. ఇటుకలు మాత్రం అడ్డం పెట్టాలి.