హైపర్‌థ్రెడింగ్ తీసేసిన రోజు

2023 ఎండాకాలం. తాడిపత్రిలో కంప్యూటర్ల సర్వీసు మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లయింది. ఊరి బయటి బండల ఫ్యాక్టరీల నుంచే ఎక్కువ పిలుపులు వచ్చేవి. ఆ రోజు పిలిచింది నాగిరెడ్డి గారు. రాతిమీద అక్షరాలు చెక్కే సీఎన్‌సీ మిషన్ ఆయన దగ్గర ఉంది. కంప్యూటర్ ఎటు నడిపితే అటు కదిలే ఉలి అనుకోండి.

దాని ఆపరేటర్ యేసురత్నం. యాభై దాటినవాడు. సగం జీవితం చేత్తో ఉలి పట్టి, తర్వాత మిషన్ నేర్చుకున్నాడు. నేను వెళ్లేసరికి మిషన్ దగ్గర లేడు. పాలిషింగ్ షెడ్డులో, మోకాళ్లదాకా తడిసి పలకలు మోస్తున్నాడు.

"మూడు పలకలు చెడగొట్టినాడు మేడమ్. కండ్లు ఆనడం లేదు. మాన్పించేముందు ఒకసారి మిషన్ కూడా చూపిద్దామని పిలిచినా," అన్నారు నాగిరెడ్డి గారు.

మూడో పలక గోడకు ఆనించి ఉంది. దగ్గర్లోని యాడికి అనే ఊరి నుంచి ఒకాయన తన తల్లి సమాధికి చేయించుకుంటున్న నల్లరాయి. పేరులో మొదటి రెండు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మూడోదాని నుంచి వరసంతా పక్కకు జరిగిపోయింది. ఆదివారం సమాధి దగ్గర ప్రార్థన, అప్పటికి రాయి కావాలట.

నేను యేసురత్నాన్ని పిలిపించాను. "నీ కంటికి ఏమైనా తేడా కనిపించిందా?" అని అడిగాను.

"కంటికి కాదమ్మా, చెవికి. మిషన్ ఒకే తీరుగా మోగుతా పోతాంటాది. మధ్యలో నత్తి పట్టినట్టు ఆగి మోగుతాది. ఆడి నుంచి గీత జరుగుతాది. చెప్తే యవరింటారు?"

"ఎప్పట్నుంచి?"

"పోయిన తూరి నువ్వొచ్చి పోయినప్పట్నుంచి."

పోయినసారి నన్ను పిలిచింది అదే కంప్యూటర్ నెమ్మదిగా ఉందని. మిషన్ నడిపే ఆ కంప్యూటర్ మీదే చెక్కాల్సిన డిజైన్ బొమ్మ కూడా తయారుచేస్తారు, దానికి చాలాసేపు పడుతోందన్నారు. బయోస్, అంటే కంప్యూటర్ మూలపు సెట్టింగులు తెరిచి చూస్తే హైపర్‌థ్రెడింగ్ ఆపేసి ఉంది. ఎవడో తెలియక ఆపాడనుకుని, ఎవరినీ అడగకుండా ఆన్ చేసి వెళ్లిపోయాను. బొమ్మలు తొందరగా వస్తున్నాయని నాగిరెడ్డి గారు మెచ్చుకున్నారు కూడా.

ప్రాసెసర్‌లో పని చేసే భాగాన్ని కోర్ అంటారు. హైపర్‌థ్రెడింగ్ పెడితే ఒక్కో కోర్ రెండు పనులను ఒకేసారి పట్టుకుంటుంది. మా వైపు రైతులకు బోరు లెక్కన చెబుతాను. ఒకే బోరు కింద రెండు చేలకు డ్రిప్పు వేస్తే, ఒక చేనికి నీళ్లు అక్కర్లేని వేళ రెండోది తాగుతుంది, బోరు ఖాళీగా ఉండదు. రెండు వాల్వులూ ఒకేసారి తిప్పితే మాత్రం చివరి మొక్క దగ్గర నీళ్లు సన్నబడతాయి. మొత్తం మీద పారకం పెరిగినా, ఆ మొక్కకు వేళకు అందదు.

ఆ మిషన్‌లో మోటారును అడుగడుగునా నడిపే పల్సులను, అంటే చిన్న చిన్న కరెంటు సంకేతాలను, కంప్యూటరే పంపుతుంది. పల్సు వేళ తప్పితే మోటారు అడుగు తప్పుతుంది. తప్పిన అడుగు తిరిగి రాదు, అక్కడినుంచి చెక్కేదంతా జరుగుతుంది.

పల్సు ఎంత ఆలస్యమవుతోందో చూపే పరీక్ష ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అది నడిపిస్తూ, పక్కన డిజైన్ తెరిచాను. ఆలస్యం ఒక్కసారిగా ఎగిరింది. హైపర్‌థ్రెడింగ్ తీసేసి మళ్లీ అలాగే చేశాను. ఈసారి హద్దులోనే ఉంది. తర్వాత యేసురత్నం ఒక పనికిరాని బండ ఎక్కించాడు. పక్కన డిజైన్ నడుస్తుండగానే ఆ పేరంతా చెక్కించాం. కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇప్పుడు సరిగ్గుండాది," అన్నాడు.

నాగిరెడ్డి గారిని పిలిచాను. వైరస్ అనో, కరెంటు హెచ్చుతగ్గులనో చెబితే నమ్మేవారు. కానీ పక్కనే ఆ మనిషి తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. "ఈయన తప్పేమీ లేదు సార్. పోయినసారి నేను మార్చిన సెట్టింగు వల్లే మూడు పలకలూ పోయాయి," అన్నాను.

ఆయన యేసురత్నం వైపు తిరిగారు. "ఏమప్పా యేసురత్నం, ముందే చెప్పకూడదా?"

"చెప్పినా కదన్నా. కండ్లు చూపించుకో పో అంటివి."

"పో, మిషన్ దగ్గరికి పో," అన్నారు నాగిరెడ్డి గారు. నా వైపు తిరిగి, "మళ్లీ నెమ్మదైతాది కదా మేడమ్?" అన్నారు.

"డిజైన్ నెమ్మదవుతుంది. చెక్కడంలో తప్పు రాదు. రెండూ కావాలంటే డిజైన్‌కు వేరే కంప్యూటర్ పెట్టుకోవాలి."

యాడికి ఆయన శనివారం వచ్చి, కొత్త పలక మీద చెక్కిన తల్లి పేరుపై వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుని రాయి తీసుకుపోయాడు. నాగిరెడ్డి గారు నెల రోజులు నన్ను పిలవలేదు. తర్వాత పిలిచారు, డిజైన్‌కు రెండో కంప్యూటర్ పెట్టించడానికి.

అంతవరకూ వేగమంటే మొత్తం ఎంత పని జరిగిందన్నదే నాకు లెక్క. ఏ పని ఒక్క క్షణం కూడా ఆగకూడదో ముందు తెలుసుకోవాలని ఆ పలకలు నేర్పాయి. ఆపేసి ఉన్న సెట్టింగును ఎవరో ఆలోచించే ఆపి ఉండవచ్చునని కూడా. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా, స్క్రీన్ ముట్టుకునే ముందు మిషన్ దగ్గర నిలబడే మనిషితో కూర్చుంటాను. అతను చెప్పేది నాకు అర్థం కాకపోతే, ఆ రోజు ఏమీ మార్చకుండా తిరిగొస్తాను.